దొరసాని తాగిన కాఫీ

మా హోటలుకు బోర్డు మీద ఒక పేరు, ఊరి నోట్లో ఒక పేరు. బోర్డు మీద ఉన్నది వెంకటరమణ విలాస్. ఆ పేరు చెబితే స్టేషన్లో జట్కావాళ్లు "యాడుండాదప్పా అది?" అని మిమ్మల్నే అడుగుతారు. దొరసాని హోటలు అన్నారంటే మాత్రం బ్రూస్‌పేటలో మా గుమ్మం ముందు దింపి, దిగినవాళ్ల వైపు కాస్త జాలిగా చూసి మరీ వెళ్తారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక మొదటి ఎండాకాలం సంగతి ఇది. మా బళ్ళారి మద్రాసు చేయి వదిలి మైసూరు చేయి పట్టుకున్న కొత్త. హాల్లో కాఫీ తాగేవాళ్లంతా ఆ మాటే మాట్లాడుకునేవాళ్లు. నాకు అవేవీ పట్టలేదు. ఏ రాజ్యంలో ఉన్నా నాకు కావలసింది ఒక్కటే, తలుపు వేసుకోవడానికి వీలున్న ఒక గది.

నవ్వకండి. సంగనకల్లులో ఇల్లూ చేనూ మా బావగారి పాలికి పోయాయి, హోటలు మా పాలికి వచ్చింది. కింద గదులన్నీ పత్తి బేరగాళ్లకు, కోర్టు పనుల మీద వచ్చేవాళ్లకు అద్దెకిచ్చేవాళ్లం. మా మామగారు వెంకటరామి గల్లాపెట్టె పక్కన బల్ల మీద పడుకునేవారు. మా ఆయన మాధవ హాల్లో రెండు బెంచీలు జత చేసుకుని పడుకునేవాడు. నేనేమో మా అత్త యశోదమ్మ పక్కన, వంటింటి వెనక బియ్యం మూటల గదిలో. ఇడ్లీ ప్లేటు అందించేటప్పుడు వేలికి వేలు తగిలితే అదే మా కాపురం. అదీ వెనక నుంచి ఎవరో "సాంబారూ" అని కేకేసేదాకానే.

గది లేక కాదు. మిద్దెపైన వరండాలో రెండు గదులుండేవి. ఒకటి రేకులు కప్పిన చిన్న గది. రెండోది పెద్దది, దానికి ఎప్పుడూ తాళమే. అది దొరసాని గది.

ఆ కట్టడం ఒకప్పుడు దొర బంగళా అట. మా మామగారి తండ్రి ఆ ఇంట్లో బట్లరు. దొరా దొరసానీ వెళ్లిపోయాక ఆ బంగళా ఆయన చేతికి వచ్చింది, హోటలైంది. అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. దొరసాని ఎలా వెళ్లిపోయిందన్న దగ్గరే ఎవరికి వాళ్లు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దొర యుద్ధానికి పోయి తిరిగి రాలేదనీ, ఆమె తలుపేసుకుని ఇక తీయలేదనీ మామగారు గల్లా దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటూ చెప్పేవారు. మా పిండి రుబ్బే ఉచ్చంగెమ్మ ఆ మాట ఒప్పుకునేది కాదు. పొడుగు గౌను కాళ్లకు చుట్టుకుని మెట్ల మీది నుంచి పడిపోయిందని ఆమె వాదన. జట్కా ఖాదర్ సాబు ఇద్దరినీ కొట్టిపారేసేవాడు. "మరీ నై అమ్మా, చావనే లేదు! మా బాబా సొంతం జట్కాలో టేసన్‌కు దింపి వచ్చినాడు" అనేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ముగ్గురికీ పేచీ లేదు. మిట్టమధ్యాహ్నం ఊరంతా ఎండకు మాడి పడుకున్న వేళ ఆ గదిలో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. టక్, టక్ అని, ఆగి, మళ్లీ టక్ అని. నేనూ విన్నాను.

ఆ దొరసానికి బట్లరు చేతి కాఫీ పడనిదే కళ్లు తెరుచుకునేవి కావట. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. తెల్లవారి దింపిన మొదటి డికాషన్‌తో కలిపిన కాఫీ దొరసానికి మీసలు. మీసలంటే మా వైపు, ఎవరూ నోట పెట్టకముందు దేవుడికో పెద్దలకో తీసిపెట్టే భాగం. కళాయి పూసిన ఇత్తడి లోటాలో పోసి, మూత పెట్టి, మిద్దెపైన ఆ గది ముందు పెట్టి రావాలి. ఎండెక్కాక తెచ్చి కరివేపాకు చెట్టుకు పోయాలి. ఒక్కరోజు తప్పితే ఆ రోజు పాలన్నీ విరిగిపోతాయని మా అత్త నమ్మకం. ఆమెకు మిద్దె మెట్లంటేనే భయం. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఎక్కలేదు. అందుకని అప్పటిదాకా ఉచ్చంగెమ్మ చేసిన ఆ పని కొత్త కోడలి నెత్తిన పడింది.

నేను మెల్లగా అత్త మనసు కరిగించడం మొదలుపెట్టాను. ఒకరోజు ఉల్లిగడ్డలు తరుగుతూ అన్నాను. "అత్తా, నేను దినామూ లోటా తెస్తాండా గదా. నిండుగా పెట్టింది నిండుగానే ఉంటాది. ఆయమ్మ ఉంటే ఒక్క గుక్కన్నా తాగదా?"

అత్త కత్తిపీట మీద చేయి ఆపింది. "ఔను. మా అత్త కాలం నుంచీ అంతే. ఒక్క పొద్దు గూడ తాగినట్ల లేదు."

"అంటే ఆయమ్మ ఎప్పుడో పోయింటాది."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఎందుకు అడుగుతున్నానో ఆమెకు తెలుసు. ఉల్లిగడ్డల వంకతో ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. "ఊరమ్మ జాతర కానీలే పున్నీ. ఒక పూజ చేపిచ్చి తాళం తీద్దాం. మీ మంచం అంద్లోనే ఏసుకుందురు."

ఆ మాట మా ఆయనకు ఎలా చేరవేయాలో తెలియక, ప్లేటు అందించేటప్పుడు "పెద్ద గది" అని రెండే మాటలు చెప్పాను. ఆయన ఆ ప్లేటు తీసుకెళ్లి పక్క బల్ల మీద పెట్టాడు. దోశె అడిగినవాడికి వడ పోయింది. ఎవరేమన్నా ఆ రోజంతా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే వచ్చారు వెంకటప్పయ్య, మాణిక్యం దంపతులు. కృష్ణా జిల్లా నుంచి. తుంగభద్ర కాలువల కింద భూములు కొనడానికి ఆ రోజుల్లో అటువైపు వాళ్లు ఊళ్లకు ఊళ్లే తరలి వస్తుండేవాళ్లు. వెంకటప్పయ్య సిరుగుప్ప దగ్గర పొలం కొన్నాడు, అక్కడ వలసవాళ్లు కట్టుకునే క్యాంపులో ఇల్లు లేపుతున్నాడు. అది పూర్తయ్యేదాకా భార్యను మా హోటల్లో ఉంచాలని వచ్చాడు. ఆమె కడుపుతో ఉంది. పుట్టింట్లో చూసేవాళ్లు ఎవరూ లేరు. కింద గదులన్నీ నిండిపోయాయి కనుక మామగారు రేకుల గది ఇచ్చారు.

"పక్క గది సంగతి చెప్పకూడదా?" అని అత్త వంటింట్లో గొణిగింది.

"చెప్తే ఉంటారా?" అన్నారు మామగారు. అంతటితో ఆ మాట ముగిసిపోయింది.

వాళ్లు వచ్చిన మరుసటి రోజు ఎండెక్కాక నేను లోటా కోసం పైకి వెళ్లాను. ఎత్తగానే చేతికి తేలిగ్గా తగిలింది. మూత తీసి చూస్తే అడుగున నురుగు తప్ప ఏమీ లేదు. మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు.

"అత్తా, లోటా ఖాళీ!"

"ఒలికిందేమో చూసినావా?"

"నేల పొడిగానే ఉండాది."

"పిల్లి తాగిందేమో."

"పిల్లి తాగితే బోర్లా పడుంటాది గదత్తా. ఇది నిలబెట్టినట్లే ఉండాది. మూత గూడ పెట్టుండాది."

"అయ్యో శివనే!" అంది ఉచ్చంగెమ్మ, రుబ్బురోలు ఆపి. "మూత పెట్టేది దొరసానే. పిల్లికి అంత నాజూకు యాడిదమ్మా!"

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పక్క గదిలో నిక్షేపంలాంటి మనిషి ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు. మీసలు పెట్టిన దానిని మనిషి ముట్టుకుంటుందన్న ఊహే మా ఇంట్లో లేదు. దయ్యం తాగిందంటే నమ్మాం కానీ మనిషి తాగి ఉంటుందని అనుకోలేదు.

రెండో రోజూ ఖాళీ. మూడో రోజూ ఖాళీ. ఇక అత్త నన్ను పక్కకు పిలిచింది. "ఇంగ ఆ గది మాట ఎత్తొద్దు పున్నీ. ఆయమ్మ ఉండేది ఖాయమైపాయ." నాకు ఏడుపు ఆగలేదు. పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి పోయి దొరసానిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇన్నేళ్లుగా పస్తుండి, నేను వచ్చాకే నీకు ఆకలి పుట్టిందా అన్నాను.

కుండ మూతి మూయొచ్చు గానీ ఊరి మూతి మూయలేం. కౌల్‌బజారు దాకా పాకిపోయింది సంగతి. జనం ఉగ్గాని తినే వంకతో వచ్చి మెట్ల వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. "దొరసాని తాగే కాఫీ ఒకటి" అని కేకేసేవాళ్లు. మామగారి కథ రోజురోజుకూ పెరిగింది. దొర గుర్రానికి రంగొచ్చింది, పేరొచ్చింది. ఆయన ముఖంలో అంత కళ నేను ఎన్నడూ చూడలేదు. ఆ కళ చూసినప్పుడల్లా నా గది ఇంకాస్త దూరమయ్యేది.

కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నట్టు, ఒక ఉదయం మాణిక్యం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కాళ్లకు పసుపు, చేతినిండా గాజులు, ముఖం నిండా మొహమాటం.

"పిన్నిగారూ, ఒక మాట. ఏమీ అనుకోకండి. తెల్లారేసరికి గుమ్మం ముందు కాఫీ పెట్టిస్తున్నారు, మా ఊళ్లో కన్నతల్లి కూడా అంత చెయ్యదు. కాకపోతే పంచదార ఇంకాస్త వెయ్యమనండి."

ఉచ్చంగెమ్మ చేతిలో పొత్రం ఆగిపోయింది. అత్త పొయ్యి దగ్గర నుంచి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"నువ్వా తాగింది?"

"నాకోసం కాదా అండీ?" మాణిక్యం బిక్కముఖం వేసింది. "రెండు గుమ్మాల మధ్య పెట్టి ఉంటే నాకేననుకున్నాను. తాగి మూత పెట్టి అక్కడే ఉంచాను."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. అత్త ముఖం చూసి దిగమింగాను. కడుపుతో ఉన్న మనిషి దయ్యం భాగం తాగింది, బిడ్డకేమవుతుందో అని ఆమె భయం. దాచిపెట్టడం ఆమెకు చేతకాదు. ఉన్నదంతా చెప్పేసింది, గౌనుతో సహా.

మాణిక్యం అంతా విని కడుపు మీద చేయి వేసుకుంది. "చచ్చిపోయినావిడకి అంత పొద్దున్నే కాఫీ ఎందుకండీ, బతికున్నదాన్ని నాకే చాలట్లేదు" అంది.

ఆ మాటకు ఉచ్చంగెమ్మ పడీపడీ నవ్వింది. అత్త నవ్వలేదు. కానీ మరునాడు లోటాలో తానే చేత్తో చక్కెర ఎక్కువ వేయడం నేను చూశాను.

హాల్లో మాత్రం ఎవరూ ఈ సంగతి పొక్కనివ్వలేదు. మామగారికి గుర్రం మీద మమకారం పోలేదు.

ఎండలు ముదిరాయి. బళ్ళారి ఎండ సంగతి చెప్పాలా? కోటగుట్ట పగలంతా కాగి, పొద్దు వాలాక ఆ వేడి ఊరి మీదికి వదులుతుంది. ఒక మధ్యాహ్నం మజ్జిగ ఇవ్వడానికి పైకి వెళ్లిన ఉచ్చంగెమ్మ మెట్ల మీది నుంచే కేక పెట్టింది. రేకుల గదిలో మాణిక్యం సొమ్మసిల్లి పడి ఉంది. ముఖాన నీళ్లు చల్లి వరండాలోకి తెచ్చాం. అక్కడా నిప్పులే. కిందికి దింపుదామంటే ఆమె కాళ్లు నిలబడడం లేదు. భర్త చూస్తే సిరుగుప్పలో ఉన్నాడు.

నేను పైనుంచి వంగి చూశాను. అత్త మెట్ల కింద నిలబడి ఉంది. మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టింది, తీసింది. తర్వాత నడుముకున్న తాళంచెవి విప్పి నాకు అందేలా విసిరింది.

"పెద్ద గది తీయ్. ఆయమ్మ కాఫీ అది తాగినాక, ఆయమ్మ గది దానిది గాక ఇంగెవరిది?"

తాళం నేనే తీశాను. తలుపు తోయగానే గాలి ముఖానికి కొట్టింది. ఎంత పెద్ద గదో! మూడు వైపులా నిలువెత్తు కిటికీలు. ఒక ఇనుప మంచం, బూజు, పిచ్చుకల గూళ్లు, అంతే. పడమటి కిటికీకి ఒక రెక్క బందు ఊడిపోయి గాలికి గోడను తాకుతోంది. టక్, టక్ అని, ఆగి, మళ్లీ టక్ అని. ఇన్నేళ్లుగా మా ఇంటి మొదటి కాఫీ ఈ కిటికీ రెక్కకు పోస్తున్నామన్నమాట.

మాణిక్యాన్ని ఆ మంచం మీద పడుకోబెట్టాం. గాలి తగిలి తేరుకుని, "అబ్బ, ఎంత చల్లగా ఉందే అమ్మాయ్" అని నా చేయి పట్టుకుంది. ఆమె బతికి బట్టకట్టిందన్న సంతోషం ఒకపక్క. నా గది తాళం నేనే తీసి ఇంకొకరికి ఇచ్చానన్న బాధ ఒకపక్క. రెండూ నిజమే, ఏదీ దాచను.

ఆ ఎండాకాలం మిగతాదంతా ఆమె ఆ గదిలోనే ఉంది. నేను తీరిక దొరికితే పైకి వెళ్లి కూర్చునేదాన్ని. మా పుండికూరను ఆమె గోంగూర అనేది. అది ఎలా నూరాలో నేర్పించింది, మా జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది. దొరసాని ఆమె జోలికి రాలేదు.

తొలకరి పడ్డాక వెంకటప్పయ్య లారీ తెచ్చాడు. మాణిక్యం వెళ్తూ అత్త కాళ్లకు దండం పెట్టింది. బిడ్డ క్యాంపులోనే పుట్టింది, ఆడపిల్ల, బంగారంలా ఉంది అని ఆ తర్వాత కబురొచ్చింది. కానీ ఆ రోజు ఉదయం నా కళ్లన్నీ పెద్ద గది తాళంచెవి మీదే. అత్త ఏమంటుందా అని చూస్తున్నాను. ఈలోగా మామగారు గల్లా దగ్గర నుంచే అన్నారు. "పిచ్చయ్య అని ఇంగో కృష్ణా జిల్లా అప్ప సాయంత్రం వస్తాండాడు. మిద్దిపైన పెద్ద గది ఆయప్పకు మాటిచ్చినాను. ఊడ్చి పెట్టండి."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. నేను చీపురు తీసుకుని పైకి పోయాను. కోపమంతా బూజు మీద చూపిస్తున్నాను. వెనక అడుగుల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే గుమ్మంలో మా అత్త. ఒక చేత్తో గోడ పట్టుకుని, రొప్పుతూ.

"అత్తా! నువ్వు ఎక్కినావా?"

ఆమె పడమటి కిటికీ దాకా నడిచింది. అక్కడి నుంచి కోటగుట్ట మొత్తం కనబడుతుంది. వానకు తడిసి నల్లగా మెరుస్తోంది. ఆమె కొంగు గాలికి ఎగిరింది, సర్దుకోలేదు.

"ఇంత గాలి ఉండాదా ఈడ!" అంది. కాసేపటికి మళ్లీ, "ఇన్నేండ్లూ ఇంత గాలి ఉన్నిందా!"

కిటికీ కింద నేల మీద చతికిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "నేను వచ్చిన కొత్తలో మీ మామ ఈ గది అడిగినాడు. మా అత్త ఆ పొద్దే దొరసాని కత చెప్పింది నాకు. నలుగురు బిడ్డల్ని ఆ మూటల గదిలోనే కన్నాను. దయ్యం ఉండాదో లేదో నాకు తెలీదు పున్నీ. తెల్లారకముందే పొయ్యి ముట్టిచ్చే కోడలు మా అత్తకు కావాల్సుండె. అది మాత్రం నాకు తెలుసు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకూ అట్లాంటి కోడలే కావాల్సుండెలే."

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె నేల మీదే ఒరిగింది. చేయి తల కింద పెట్టుకుని, నోరు కాస్త తెరిచి, నిద్రపోయింది. పగలు ఆమె నడుం వాల్చడం నేను చూడడం అదే మొదటిసారి. కింద భోజనాల వేళ కావస్తోంది. "యశోదా, అన్నం దింపినారా?" అని మామగారి కేక. నేను తలుపు చేరవేసి దిగి, "అత్త లేదు, నేనుండా" అన్నాను. ఆ పూట వంటిల్లు నేనూ ఉచ్చంగెమ్మా లాక్కొచ్చాం. పులుసులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ చచ్చిపోలేదు.

దీపాలు పెట్టే వేళకు అత్త కిందికి దిగింది. ముఖం నిద్రకు ఉబ్బి, పదేళ్లు చిన్నదైనట్టుంది. హాల్లో పిచ్చయ్య పెట్టే బేడాతో కూర్చుని ఉన్నాడు. మామగారు చేయి చాచారు.

"తాళం ఇయ్యి. ఈయప్ప వచ్చి ఎంతసేపాయ."

"ఆ గది లేదు."

"లేదంటే? పొద్దున్నే ఖాళీ ఆయ గదా!"

"రాత్రి పిల్లోళ్లది. మధ్యాన్నం నాది. రెండు పూటలా నిండిపాయ. రేకుల గది ఉండాది, వానాకాలం బాగానే ఉంటాది, ఇయ్యి."

మామగారు ఆమెను చూశారు, నన్ను చూశారు, బెంచీ తుడుస్తున్న కొడుకును చూశారు. "మరి నాకు?" అన్నారు.

"నీకు గల్లాపెట్టి ఉండాది గదా."

హాలంతా నవ్వింది. మామగారు కూడా నవ్వారు. పిచ్చయ్యకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వాడు.

మా పుట్టింటివాళ్లు ఇచ్చిన పరుపు మూటల గదిలో కట్టు విప్పకుండా ఉండిపోయింది. మెట్లేమో హాల్లోంచే కదా పోతాయి. జనమంతా భోంచేసి పోయాక తీసుకెళ్దామని మా ఆయన అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఆయన పరుపు నెత్తిన పెట్టుకుని వంటింటి గుమ్మం దాటేసరికి హాల్లో ఒక్క ఆకు ఖాళీ లేదు. పత్తి బేరగాళ్లు, ప్లీడరు గుమాస్తాలు, ఖాదర్ సాబు, అందరూ ముద్ద చేతిలో పట్టుకుని చూస్తున్నారు. మా అత్త గరిటె పైకెత్తి, నాలుగు వీధులకు వినబడేలా కేకేసింది.

"దావ ఇడవండప్పా! పరుపు పోతాంది!"

బెంచీలన్నీ ఒక్కసారి జరిగాయి. నా చేతుల్లో రెండు దిండ్లున్నాయి. వాటినే ముఖానికి అడ్డం పెట్టుకుని, మెట్లు కనబడకపోయినా ఎక్కేశాను.